గాలి తీయడం

ఇంగ్లీషులో ఈ పనికి నెత్తురు పేరు పెట్టారు.
మనకి మాట లేదు, నేనే పెట్టుకున్నాను:
గాలి తీయడం.
మనవాళ్ళెవరైనా వింటే "ఎవరిది?" అంటారు,
ముందే నవ్వు సిద్ధం చేసుకుని.

నాదే. ముందు నాదే పోయింది.
కల్గూర్లీ ఊరి చివర
గని తవ్విపోసిన దిబ్బల వెనక, ఎర్రమట్టిలో,
రెండో గేర్లో ఉండగా
క్లచ్ లివర్ మగ్గిన అరటిపండులా వేళ్ళలోకి వచ్చేసింది.
డర్ట్ బైకు ఆగలేదు.
నేను ఆగాను, ముళ్ళపొదలో.

గాలికి పోయే కంపని కోరి తగిలించుకున్నావు,
నలభై రెండేళ్ళొచ్చి, అన్నాడు మా ఆయన.
కంప నిజంగానే మోచేతికి వేలాడుతోంది.
అందుకని ఇద్దరం నవ్వాల్సి వచ్చింది.

పక్కింటి మారిచ్
ముప్ఫై ఏళ్ళు భూమి కింద డ్రిల్లు పట్టిన మనిషి.
ఇప్పుడాయన కప్పు సాసర్లో పెట్టేలోపు
బడిగంట మోగినంత చప్పుడు.
ఎనిమిదో నంబరు స్పానర్ నా చేతిలో పెట్టి,
బోర్లించిన పాల క్రేటు మీద కూర్చుని,
నోటితో రిపేరు మొదలుపెట్టాడు.

"మూత మీద ఏం రాసుందో చదువు."
మినరల్ ఆయిల్ మాత్రమే.
"ఇప్పుడు లోపలిది వాసన చూడు."
బ్రేక్ ఆయిల్.
బండి నాకమ్మిన కుర్రాడు చదివే రకం కాదు.
రబ్బరు సీలు నానబెట్టిన శనగగింజలా ఉబ్బి ఉంది.

కొత్తది పెర్త్ నుంచి రావడానికి తొమ్మిది రోజులు.
తొమ్మిది రోజులూ ఆయన గోడ మీంచి అడిగాడు, వచ్చిందా అని,
పెళ్ళికూతురి గురించి అడిగినట్టు.

"ఆయిల్ పైనుంచి పోస్తే దిగుతుంది. గాలి దిగదు.
దానికి తెలిసిన దారి ఒక్కటే, పైకి.
గాలితో వాదించకు హైమా, కిందినుంచి తోయి."

అరవై ఎమ్మెల్ సిరంజి.
అది మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేదు.
డయాలసిస్ వార్డులో పదకొండేళ్ళు
గోటితో రెండుసార్లు తట్టి,
బుడగని మొనదాకా రప్పించి సాగనంపాకే
మనిషిని చెయ్యి చాపమన్నాను.
"తట్టడం బాగుంది నీది," అన్నాడు.
ఆయన వేళ్ళు కూడా మోకాలి మీద తడుతూనే ఉన్నాయి,
ఏ బుడగ కోసమో.

నిపుల్ అరచుట్టు విప్పి తోశాను.
పైన గిన్నెలోకి ముందు మడ్డి,
తర్వాత డికాషన్ రంగు,
తర్వాత, అబ్బ, నెమలిమెడ నీలం.
నీలంలో బుడగలు: పెసరగింజంత, ఆవగింజంత,
ఇక లేవనుకుంటుండగా
హ్యాండిల్ తిప్పి గొట్టం మీద స్పానర్‌తో కొడితే
వంపులో నక్కినది ఇంకొకటి.

"ఇంకా ఉంది."
ఎలా తెలుసు?
"లివర్ చివరి పావంగుళం అబద్ధమాడుతోంది."

జడ రబ్బరు విప్పి ఇచ్చాను.
లివర్‌ని గ్రిప్పుకి బిగించి కట్టి
రాత్రికి వదిలేశాం.

తెల్లారి నాలుగున్నర. యూనిఫాంలో, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని
రబ్బరు తీసి నొక్కాను.
ఎదురు తిరిగింది. గట్టిగా, మొదటి వెంట్రుకవాసి నుంచే.
గిన్నెలో ఒక్క చిన్న బుడగ తేలి ఉంది,
రాత్రంతా నడిచొచ్చినట్టు.

అటువైపు లైటు వెలిగింది, కప్పు మోగింది.
చెప్పుల్లో వచ్చి నాలుగు వేళ్ళూ వేసి లాగాడు మారిచ్.
సగందాకే వచ్చింది.
మళ్ళీ లాగాడు.
"నేను నొక్కలేకపోయానంటే
గాలి లేనట్టే," అన్నాడు సంతోషంగా,
చెయ్యి కోటు జేబులో దాచుకుంటూ.
నాకేం అనాలో తోచలేదు.
టీ చల్లారిపోతుందన్నాను.

వార్డులో మొదటి సిరంజి తట్టినప్పుడు
గ్లవ్‌లోంచి కనబడింది కాబోలు,
ఎంత తోమినా పోని గోటిమూల నీలం.
"ఏం రంగమ్మా అది?" అంది మూడో మంచం డోరీన్.
నెత్తురు, అన్నాను.
బండిది.